రెండో వైపు

1999. ఆత్మకూరు బస్టాండు ఎదుట, కంప్యూటర్‌లోని పాటలను వాక్‌మన్ క్యాసెట్లకు ఎక్కించే కొట్టుకు, తానిచ్చిపోయిన క్యాసెట్ తీసుకోవడానికి ఒకామె వచ్చింది.

"రెండు వైపులా నిండుగా ఎక్కించినానమ్మా."

"ఒక వైపే కదన్నా చెప్పినాను! రెండో వైపు మా అమ్మ మాటలుండాయి. చెరిగిపోకుండా ఆ వైపు ప్లాస్టిక్ ముక్క కూడా విరిచినాను."

"అందరూ పాత క్యాసెట్లే తెస్తారమ్మా. విరిగిన చోట ప్లాస్టర్ అంటించి ఎక్కించేది మాకు అలవాటైపోయింది. అమ్మను పిలుచుకోని రా, మళ్లీ రికార్డు చేసిస్తాను."

"అమ్మను క్రిస్మస్‌కు ముందే సమాధి చేసినాము."

"అయ్యో..."

"నాయన మంచం మింద నుంచి లేవలేడు. పొద్దున్నే ఆ గొంతు వింటేనే కాఫీ తాగేది."

"ఇప్పుడాయనకు ఏం చెప్తావమ్మా?"

"బ్యాటరీలు అయిపోయినాయని చెప్తాను."

"రేపు?"

"రేపూ అదే చెప్తాను."