కాపీ కాని ఫోల్డరు

1989లో, తాండూరు దగ్గరి ఒక రాళ్ళ ఫ్యాక్టరీ ఆఫీసులో టైపిస్టు, కంప్యూటరు ఆపరేటరు మాట్లాడుకుంటున్నారు.

“తమ్మీ, పెద్దాఫీసు కంప్యూటరుకు రోజూ ఫోల్డర్లు పంపేది నువ్వే గదా?”

“నేను పంపుడేముందక్కా. ఏ ఫోల్డర్లు పోవాల్నో బ్యాచ్ ఫైల్ల రాసిపెట్టిన. నడిపిస్తే గదే కాపీ చేస్తది.”

“మరి నేను టైపు చేసే ప్రమాదాల ఫోల్డరు అక్కడ లేదేంది?”

“కావల్సినయే రాయమన్నడు మేనేజర్ సాబ్. హాజరు, సరుకు, లారీలు.”

“ప్రమాదాలేమాయె అని అడగవా?”

“అడిగిన. ఆడి కంప్యూటర్ల జాగ లేదన్నడు.”

“సాబ్ బిడ్డ పెండ్లి కార్డుకు జాగ దొరికింది గని, మనుషుల దెబ్బలకు దొరకలేదా?”

“నా మీద గరమైతే ఏమొస్తదక్కా?”

“ఏడాదంత ఒక్క ప్రమాదం గాలేదని రేపు పెద్దాఫీసోళ్ళు వికారాబాద్‌ల మన ఫ్యాక్టరీకి బహుమతి ఇస్తున్నరు. అది వస్తది.”

“ఎవరు తీసుకుంటరు?”

“అందరికన్న పాతాయనని జమాల్ భాయిని పొమ్మన్నరు.”

“గేటుకాడి జమాల్ భాయా?”

“ఆయననే. ఈ ఏడు ఉగాది ముంగట రాయి కోసే మిషన్ల కుడిచెయ్యి పోయినంకనే గదా గేటుకాడ కూసోబెట్టింది. అది టైపు చేసింది నేనే.”

“ఆయనేమన్నడు?”

“పొద్దున నన్ను అడిగిండు, ‘బేటీ, ఎడమచేత్తో తీసుకుంటే సాబులు తప్పు పడ్తరా’ అని.”