కౌన్సిల్ లెక్కలో ఒక్కడే

షెఫీల్డులో ముగ్గురు విద్యార్థులు కలిసి ఉంటున్న అద్దె ఇల్లు. పొద్దున్నే వాళ్లలో హ్యూ పేరిట కౌన్సిల్ పన్ను నోటీసు వచ్చింది. చదువుకుంటున్నంతకాలం విద్యార్థులకి ఆ ఇంటిపన్ను ఉండదు. తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి బయల్దేరినవాడల్లా దాన్ని తెచ్చి బెథన్ ముందు పెట్టాడు.

"పట్టా ఇంకా ఇవ్వలేదు కదా. గౌను వేసుకునేదాకా నేను విద్యార్థినే."

"గౌనుతో పనేంటి? కోర్సు అయిపోయిన రోజే నీ మినహాయింపూ అయిపోయింది, నాయనా."

"పోనీ, ముగ్గురం పంచుకుందాం."

"మేమిద్దరం ఇంకా చదువుతున్నాం. కౌన్సిల్ లెక్కలో మేం లేనట్టే. నువ్వొక్కడివే ఉంటున్నావని పావు వంతు తగ్గించారు కూడానూ, చూడు."

హ్యూ ఆ ముక్క రెండుసార్లు చదివాడు. బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాడు.

అరగంటకి బెథన్ తలుపు తట్టింది.

"ఒరేయ్, బయటికి రా. నాకు క్లాసుంది."

"ఎవరండీ అది? ఈ ఇంట్లో నేనొక్కణ్ణే ఉంటున్నానే."