ఆసుపత్రి దారిలో తోపుడు బండి

అయ్యా, నా పేరు పైన రాసుకున్నారు. వయసు నలభై రెండు. ఊరి సేవా సంఘం అంబులెన్సుకి తొమ్మిదేళ్లుగా డ్రైవర్ని. ప్లీడరు గారి భార్య పోయిన రోజు సంగతి ఎవరి బలవంతం లేకుండా చెబుతున్నాను.

ఆ అంబులెన్సు తెప్పించింది ప్లీడరు గారే. సంఘానికి కార్యదర్శి ఆయన. కోర్టు అవగానే నల్లకోటు సైకిలు హ్యాండిలుకి తగిలించుకుని, ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి సాధించారు. ఫీజు అడగడం చేతకాని మనిషి. మా నాన్న పెన్షను ఆగిపోతే మూడేళ్లు ఊరికే వాదించారు. నన్ను ఈ ఉద్యోగంలో పెట్టిందీ ఆయనే.

రంగుల మిల్లు నీళ్లు బావుల్లోకి దిగి పిల్లలకి ఒళ్లంతా పుళ్లు లేస్తుంటే ఆయనే కేసు వేశారు. కిందటి నెల కోర్టు మిల్లు మూయించింది. నాలుగొందల మంది రోడ్డున పడ్డారు. అందులో మా బావమరిది ఒకడు. పుళ్లు లేచినవాళ్లలో వాడి కూతురూ ఉంది. అయినా ప్లీడరు గారి గేటుకి తారు పూసింది వాడే. అప్పటి నుంచి ఆ ఇంటికి పాలు పోసేవాళ్లు లేరు. మా ఆవిడ నాతో, "ఆ గడప తొక్కితే మళ్లీ ఈ గడప తొక్కక్కర్లేదు" అంది.

మంగళవారం మధ్యాహ్నం మూడూ పదికి ఫోను వచ్చింది. "బాబూ, అమ్మగారు కింద పడిపోయారు. మాట రావట్లేదు. త్వరగా రా" అన్నారు ప్లీడరు గారు.

"టైరు పంక్చరండీ" అన్నాను. షెడ్డులో నా పక్కన ఆరుగురు మిల్లు వాళ్లు కూర్చుని ఉన్నారు. ఒకడు నా భుజం తట్టాడు.

మూడూ ఇరవైకి ఆయనే వచ్చారు. కాళ్లకి చెప్పులు లేవు. వంగి నాలుగు టైర్లూ ఒక్కొక్కటే బొటనవేలితో నొక్కి చూశారు.

"గాలి ఉంది కదా బాబూ."

"ఉందండీ."

"మరి తాళాలు?"

"కనబడట్లేదండీ."

తాళాలు నా చొక్కా జేబులో ఉన్నాయి. పలచటి చొక్కా, బయటికి తెలుస్తూనే ఉన్నాయి. మిల్లు వాళ్లలో ఒకడు, "కోర్టు నుంచి ఆర్డరు తెచ్చుకోండి ప్లీడరు గారూ, బండి దానంతటదే కదుల్తుంది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అది కూడా రాసుకోండి, నేనూ నవ్వాను.

ఆయన వెళ్లిపోయారు. కాసేపటికి టీకొట్టు అతను వచ్చి చెప్పాడు, కూరగాయల తోపుడు బండి మీద అమ్మగారిని పడుకోబెట్టి ఆయనే తోసుకెళ్తున్నారని. ఎవరూ చెయ్యి వేయలేదట. ఆసుపత్రి రెండున్నర కిలోమీటర్లు. అంబులెన్సులో ఏడు నిమిషాలు.

మూడూ యాభైకి మా బావమరిది ఫోను చేశాడు. మెట్ల మీద జారి మడమ బెణికిందన్నాడు. మూడూ యాభై రెండుకి బయలుదేరాను. బండి ట్రిప్పులు రాసే పుస్తకంలో నా చేతిరాతే ఉంది, చూసుకోవచ్చు. వాణ్ణి ఎక్కించుకుని సైరన్ వేసుకుని వెళ్తుంటే వంతెన దగ్గర ప్లీడరు గారు కనబడ్డారు. సైరన్ విని వెనక్కి తిరిగి చెయ్యి ఎత్తారు. తన కోసమే వస్తున్నానని అనుకున్నారు. మొహంలో తెలిసింది. నేను హారన్ కొట్టాను. లోపల ఎవరో రోగి ఉన్నారనుకున్నారేమో, ఎత్తిన చెయ్యి దించి, తోపుడు బండిని పక్కకి లాగి నాకు దారిచ్చారు.

అమ్మగారి చెయ్యి బండి అంచు మీంచి వేలాడుతోంది. అప్పటికి వేళ్లు కదులుతున్నాయి. అద్దంలో చూశాను.

ఇదంతా నాకు చదివి వినిపించారు. స్టేషను రైటరు గారు 'చూడలేదు' అని రాసిన చోట 'చూశాను' అని దిద్దించాను. మిగతాదంతా నేను చెప్పినట్టే ఉంది. నిజమే.

(డ్రైవరు సంతకం)