పైపుకి చిన్న చిల్లు

హలో… ఆ, నేనే. నోమాగుగునే. నా నంబరుకి చేసి ఇంకెవరు ఎత్తుతారనుకున్నావ్, లుంగానీ?

… బాగానే ఉన్నాను. అమ్మా బాగానే ఉంది. … అడిగావు, చెప్పాను, మర్యాద అయిపోయింది. ఇక అసలు సంగతి చెప్పు. పెట్టె సర్దుకుని పోయి ఏడాది దాటింది, ఒక్క ఫోన్ లేదు. క్షేమం కనుక్కోడానికి చేశానంటే నమ్మడానికి నేనేం చెవిలో పువ్వు పెట్టుకోలేదు.

… ఏంటీ? పైపా?

… గుడగుడమంటోందా!

ఆగు, నవ్వనీ. … కోపం కాదు, నవ్వే. చెప్పు. నీళ్ళు దిగే పైపా, ఎక్కే పైపా? … పైనున్న చేపల తొట్టిలోంచి కింద అలమరలో ఉన్న వడపోత తొట్టికి దిగేది. ఆఁ. దానికి గాలి పోయే దారి పెట్టావా? … పెట్టలేదు. ఎప్పుడు పెట్టావ్ గనక! మనింట్లో పైపులన్నీ కోసి అతికించిందెవరు? చేపల క్లబ్బువాళ్ళని సోఫాలో కూచోబెట్టి 'ఇదంతా నా చేతిపనే' అని నువ్వంటుంటే, వంటింట్లో వేళ్ళకంటిన జిగురు గీక్కుంటూ నిలబడిందెవరు?

… సరే సరే. విను. దిగే పైపుకి పైన మూత ఉందిగా? ఆ మూతకి సన్నగా ఓ చిల్లు పెట్టు. గాలి ఆడుతుంది, గుడగుడ పోతుంది. … అంతే.

ఉండు, ఉండు. ఎవరి తొట్టి ఇది?

… 'స్నేహితులది'. సముద్రం నీళ్ళ తొట్టి పెట్టుకునే స్నేహితులు నాకు తెలియకుండా నీకెవరున్నారు?

… తోబిలే.

… చర్చిలో పాడే తోబిలే. … తెలుసు, ఎందుకు తెలీదు! ఆ గొంతు టాక్సీ స్టాండు దాకా వినిపిస్తుంది.

నాకేం? నాకెందుకు కుళ్ళు?

… ఎంత పొడవు తొట్టి? … ఆరడుగులా!

… ఏం లేదు. నేను నాలుగడుగులది పెడదామంటే 'చోటెక్కడ, గోడలు జరుపుతావా' అన్న మహానుభావుడు గుర్తొచ్చాడంతే. ఆవిడ గోడలు జరిపిందా? … సోఫా తీసేశారు. బాగుంది. మనింట్లో ఆ సోఫా జానెడు జరిపితే నీకు ఫుట్‌బాల్ కనిపించేది కాదు.

నీళ్ళెక్కడివి? … బ్లఫ్ తీరంలో, ఆ రాళ్ళ దగ్గరే పట్టావా? … ఇద్దరూ వెళ్ళారు. డబ్బాలు మోసిందా ఆవిడ? … మోసింది. చెప్పులు చేత్తో పట్టుకుని.

… ఆ రాళ్ళు మనవి, లుంగానీ. డర్బన్ చుట్టూ ఎటు చూసినా సముద్రమే. ఆవిడని తీసుకెళ్ళడానికి వేరే రాళ్ళే దొరకలేదా నీకు?

… సర్లే, వదిలెయ్. తొట్టి కింద ఏం పరిచారు? … తివాచీ. ఏ రంగు? … మీగడ రంగు. కొత్తదా? … ఆహా.

పంపు నడుస్తోందా? … ఎక్కే పైపు మూతి తొట్టిలో ఎక్కడుంది? … అడుగు దాకా దించేశావా! చప్పుడు రాకూడదని. తోబిలే సలహానా? … అనుకున్నా. కింద తొట్టిలో నీళ్ళు? … అంచు దాకా. తగ్గినప్పుడల్లా పోస్తూ వచ్చావు. … ఊఁ.

… ఏం లేదు. ఆలోచిస్తున్నాను.

ఇవాళ మీ వైపు కరెంటు ఎన్నింటికి తీస్తారు? … నాలుగింటికా. మా వైపూ అప్పుడే. … అవును, దాని వెనకే ఫోన్ టవరూ పోతుంది. దొంగలు బ్యాటరీలు ఎత్తుకుపోయాక దాని బతుకూ మన బతుకే.

… ఇంకేమైనా చేయాలా అంటే… లేదు. ఇంకేం అక్కర్లేదు. బ్రహ్మాండంగా ఉంది.

… ఎవర్ని పంపాలి? అల్లుణ్ణా!

బాగుందయ్యా వరస. పోయేటప్పుడు జంటని విడదీసి, పెద్ద చేపని, అవ్వని, బకెట్లో పెట్టుకుని పోయావు. చిన్నవాణ్ణి నాకొదిలేశావు. ఇప్పుడు అవ్వ ఒంటరిగా బెంగపెట్టుకుందని అల్లుడు కావలసొచ్చాడా? … పాపం నిజమే. అవ్వంటే నాకూ పాపమే.

కానీ విను. అల్లుడు ఇప్పుడు అల్లుడు కాదు. … చావలేదు! ఆడదయ్యాడు. … ఒట్టు. నారింజ ఒంటి మీద తెల్ల చారలుండే ఆ చేపల్లో అంతే. ఇంటి పెద్ద పోతే, మిగిలిన మగచేప తనే పెరిగి ఆడదవుతుంది. మొదట్లో తిండి మానేశాడు. రాయి వెనకాలే ఉండేవాడు. తర్వాత లేచాడు. ఓ చిన్న చేపని తెచ్చి వదిలితే, దాన్ని నానా తిప్పలూ పెట్టి, చివరికి పక్కన చోటిచ్చాడు. నిన్న పొద్దున రాయి మీద గుడ్లు! అన్నేళ్ళు నువ్వు భూతద్దం పెట్టి వెతికిన గుడ్లు. ఇప్పుడు వాణ్ణి మీ అవ్వ దగ్గరికి పంపితే రెండూ ఒకదాన్నొకటి చీల్చుకుంటాయి. ఒకే ఇంట్లో ఇద్దరు అవ్వలు ఇమడరు.

… అవును, గుడ్లే.

… ఎవరిదా గొంతు? … టీకి పిలుస్తోంది. అది కాదు, ఏమని పిలిచింది? … అదిగో, మళ్ళీ. 'ఎన్డోసీ…' అని.

… తెలుసు, మీ వంశం పేరు, మర్యాదకి ఎవరైనా అలాగే పిలుస్తారు. టాక్సీవాడూ పిలుస్తాడు, మొక్కజొన్నలు కాల్చే ముసలమ్మా పిలుస్తుంది. వాళ్ళు 'ఎన్డోసి' అంటారు, అక్కడితో ఆగుతారు. చివర అలా సాగదీసేది నేను. … ఎక్కడ నేర్చుకుంది? నువ్వు చెప్పావా? … చెప్పకపోతే గాల్లో ఎగురుకుంటూ వచ్చిందా?

ఆ, కుళ్ళే! కుళ్ళుకుంటున్నాను. ఒళ్ళు మండుతోంది. చాలా?

… పెట్టేస్తున్నా. పో, టీ చల్లారిపోతుంది. అవ్వకి… కొత్త తొట్టి కుదిరేదాకా అవ్వ బకెట్లోనేగా?

… ఏంటీ?

… పెద్ద తొట్టిలో వదిలేశావా!

లుంగానీ, టీ వద్దు. లే! డ్రిల్ తే. బ్యాటరీదేనా? … పంపు మాత్రం ఆపకు. ఎక్కే పైపుకి, నీటి మట్టానికి వేలెడు కింద చిల్లు పెట్టు. … చెప్తా, ముందు చెయ్యి ఆడించు. కరెంటు పోతే పంపు ఆగుతుందా? ఎక్కిన నీళ్ళు అదే పైపులోంచి వెనక్కి దిగుతాయి. ఆ పైపులోకి గాలి పోయేదాకా ఆగవు. నీ పైపు మూతి అడుగునుంది. తొట్టి మొత్తం ఖాళీ అయిపోతుంది. కిందది పొంగి తివాచీ మీదికి… అవ్వ ఇసకలో పడి కొట్టుకుంటుంది. చిల్లుంటే నీళ్ళు అక్కడి దాకా దిగి ఆగిపోతాయి.

తోబిలేని కింద తొట్టిలో నీళ్ళు సగానికి తోడమను. … దేంతోనైనా! ఇంట్లో గిన్నెలు లేవా ఆవిడకి?

… ముందే ఎందుకు చెప్పలేదంటే… తివాచీ తడవాలని. … ఆ, కావాలనే. మీగడ రంగు అన్నావు చూడు, అక్కడే నోరు మూసుకున్నాను. తర్వాత తిట్టుకో, ముందు పెట్టు చిల్లు.

… మనింట్లోనా? అయింది. నువ్వు మీ అమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు గదంతా నీళ్ళే. నేనే తుడిచాను, నేనే చిల్లు పెట్టాను. … చెప్పలేదు. అందరూ నీ చేతిపనిని మెచ్చుకుంటుంటే నువ్వెంత మురిసిపోయేవాడివి…

… పడిందా? హమ్మయ్య.

ఇదిగో, ఇక్కడ కరెంటు పోయింది. అక్కడ? … నీళ్ళు చూడు. … దిగుతాయి, దిగనీ. కంగారు పడకు. … గురక చప్పుడొచ్చిందా? గాలి అదే. … ఆగాయా?

అవ్వ? … తిరుగుతోంది. అమ్మయ్య.

తివాచీ? … పొడిగానే ఉందా? ఒక్క చుక్క కూడా…? సంతోషం. ఏడ్చినట్టుంది నా అదృష్టం.

… ఎవరు? నాతో ఏం మాట్లాడుతుంది? వద్దు, ఇవ్వకు, ఇవ్వకూ—

… ఆ. ఆ, నేనే. … పర్లేదు. చేప కోసం చెప్పాను, నీకోసం కాదు. … 'సిసీ' అనకు, నేను నీకు అక్కనెప్పుడయ్యాను? … సరే, అను.

విను తోబిలే, టవర్ పోయేలోగా. అతను జిగురు ఆరనివ్వడు, నువ్వే పక్కనుండి చూసుకో. అవ్వకి రొయ్య సన్నగా తరిగి పెట్టాలి, పెద్ద ముక్కలు ముట్టదు. … ఊఁ. … ఇంకొకటి.

అతన్ని ఆ పేరుతో పిలుచుకో, తప్పు లేదు. కానీ చివర… చివర అలా సాగదీయకు. అదొక్కటి నాకు వదిలెయ్.

… తోబిలే?

వినబడిందా? … హలో?

… హలో?