నాలుగో ప్యాడు

నీలం నగర్‌లో తువ్వాళ్ల కారఖానా నడిపే సత్యనారాయణ సెలవు రోజు పొద్దున ఇంటి ముందు పాత చద్దరు పరుచుకుని, తన సెకండ్‌హ్యాండ్ ఫారిన్ కారు పక్కన నేల మీద పడుకున్నాడు. జాకీ ఆనించే చోట ఉండే ప్లాస్టిక్ ప్యాడ్లు నాలుగూ పీకి కొత్తవి పెట్టే పని. మెకానిక్‌కు ఇస్తే అయిపోయేదే, కానీ ఎవరి కంటా పడకూడదని తానే దిగాడు. తీరా పడకూడని మనిషి కంటనే పడ్డాడు. ఇదే కారు కింద చెయ్యి నలిగిన టైర్ల షాపు సాయిలు భార్య, బాలమణి వచ్చి నిలబడి, కారు ఖరాబైందా అని అడిగింది.

"…లేదు లేదు, ఏం ఖరాబ్ కాలే. ఊకెనే. పాతగైనయ్ గద, మారుస్తున్న."

"గణేశ్ గ్యారేజ్‌కు ఇయ్యకపోయిండ్రా సేటు? మీరు గిట్ల నేల మీద పండుకొని…"

"చిన్న పనే బాలమణీ. రెండు దిక్కుల నొక్కిపట్టి గుంజితే ఊడొస్తది. కొత్తది పెట్టి గుద్దితే టక్కుమంటది. అయిపాయె. నువ్వు పో, ఎండల నిలబడకు."

"పోత. బీడీల ఆకు నానబెట్టొచ్చిన. మీతోని ఒక్క మాట ఉండె."

"సాయంత్రం రా. ఇంట్ల పుష్ప ఉంటది, చాయ్ తాగుకుంట మాట్లాడుదం."

"పుష్ప వదిన ముందట వద్దు. మీతోనే. ఆ సెల్లు ఇటియ్యుండ్రి, టార్చ్ నేను పడుత. మీ పని మీరు చేసుకోండ్రి."

"నువ్వెందుకు పట్టుడు… బరం, సరే, పట్టు. అటు కాదు, ముందటి దిక్కు. వెనకది తర్వాత చూస్త."

"ముందటివి రెండూ కొత్తయే ఉన్నయ్ గద సేటు. నిగనిగ మెరుస్తున్నయ్."

"అవునా? అవును, పెట్టిన. పొద్దుగాలే పెట్టిన. సాయిలు చెయ్యి ఎట్లున్నది?"

"కుట్లు ఇప్పిండ్రు. రెండు వేళ్లు వంగుతలేవు. పానా పట్టుకుంటే జారి కింద పడుతది. డాక్టర్ చూద్దాం అంటడు. ఇంక చూసేదేముంది అంటడు ఈయన."

"అయితది. మెల్లగ అయితది. కాళజీ చెయ్యకు, రంది పెట్టుకోకు."

"షాపు షట్టర్ దించే ఉన్నది. గిరాకీ అంత కొంతం చౌక్ దిక్కు షాపులకు పోతున్నరు. సాయిలుకు జాకీ పెట్టుడే రాదంట అనుకుంట."

"ఎవరన్నరట్ల?"

"మీరే అన్నరంట గద సేటు. మన చౌక్ల, చాయ్ దుకాణం కాడ. జాకీ తప్పు జాగల పెట్టిండు, కారు పడ్డది అని."

"నేను… అడిగిండ్రు, ఏమైందని. ఏదో ఒకటి చెప్పాలె గద. నా మతలబ్ గట్ల కాదు…"

"మిమ్మల్ని తప్పు పడ్తలేను. ఆయన గూడ అందరికి గదే చెప్పిండు. నాదే తప్పు, తప్పు జాగల పెట్టిన అని. ఇంట్ల నాతోని మాత్రం వేరే చెప్పిండు."

"ఏం చెప్పిండు? టార్చ్ కదిలియ్యకు."

"కదిలిస్తలేను సేటు. మీరే అటు జరిగిండ్రు."

"ఏం చెప్పిండు బాలమణీ?"

"జాకీ కరెక్ట్ జాగలనే పెట్టిండంట. వెనక ఎడమ దిక్కు. కారు లేచినంక టైరు గుంజుతుంటే సర్రున జారిందంట. చెయ్యి కింద ఇరికినా, గా నొప్పిల గూడ కండ్లు తెరిచి చూసిండంట. ఆడ కంపెనీ ప్యాడు లేదు. బట్ట నేసే మాగంల నాడెను అటిటు కొట్టే గట్టి తోలు పికర్ ఉంటది గద, దాని తునక ఉన్నది. చెక్కి ఇరికిచ్చిండ్రు."

"పికరా?"

"నూనె తాగిన పాత పికర్. ఇనుము మీద ఆనిస్తే జారకుంట ఉంటదా? అటు కొట్టాల్నా టార్చ్, వెనక ఎడమ దిక్కు?"

"వద్దు. అది నేను తర్వాత చేసుకుంట. మరి… ఇంత జరిగితే సాయిలు నన్నెందుకు అడగలే?"

"ఎట్ల అడుగుతడు? మీ కారఖానాల మాగాలు రిపేర్ చేసే జాబర్ ఎవరు? ఆయన తమ్ముడే గద, మా మల్లేశం. తలుపు గొళ్లెం ఊడినా, కుర్చీ కాలు ఇరిగినా పికర్ తునక చెక్కి పెట్టేది వాడే. చూడంగనే ఇది వాని పనే అనుకున్నడు. బయట చెప్తే తమ్ముని నౌకరి పోతదని తప్పు తన మీద ఏసుకున్నడు."

"మల్లేశం మీద అనుమానపడ్డడా…"

"బయట కాపాడిండు, ఇంట్ల తలుపేసిండు. నేను పెట్టలే అన్నా, అమ్మ తోడు అని వాడు మొత్తుకుంటే మొకం గూడ చూడలే. చేసిందిగాక అబద్ధమాడుతున్నవా అని ఇంకింత కోపం జేసిండు. చిన్నప్పటి సంది ఒక్క కంచంల తిన్నోళ్లు సేటు."

"నాకెవ్వరు చెప్పలే. మల్లేశం దినాం పనికొస్తున్నడు. ఒక్క మాట అనలే."

"మీకెట్ల చెప్తడు? నిన్న మళ్ల వచ్చిండు. తలుపు బయటనే నిలబడి, అవునన్నా, నేనే పెట్టిన, మాఫ్ చెయ్ అన్నడు."

"మల్లేశమా? నేనే పెట్టిన అన్నడా?"

"అన్నడు. ఈయన తలుపు తీసిండు. ఇద్దరు పట్టుకొని ఏడ్చిండ్రు. ఈయన వేళ్లు వంగుతలేవు గద, మల్లేశమే బువ్వ కలిపి తినిపిచ్చిండు. దెబ్బ తాకినంక ఈయన కడుపునిండ తిన్నది నిన్ననే."

"అట్లెట్ల… వాడెట్ల అంటడు అట్ల?"

"అందుకే వచ్చిన. ఈ సంగతి ఎట్లన్న మీ చెవిన పడుతది, ఎవరో ఒకరు చెప్తరు. మల్లేశాన్ని పనిల నుంచి తియ్యకుండ్రి. తెల్వక పెట్టుంటడు, మీ మంచికే అనుకొని పెట్టుంటడు. మీ కాళ్లు మొక్కుత, వాన్ని మాఫ్ చెయ్యుండ్రి."

"లే. లే బాలమణీ. నా కాళ్లు ముట్టకు."

"మాఫ్ చేస్త అనుండ్రి ముందుగాల."

"నేనెట్ల మాఫ్ చేస్త? వాడు పెట్టలే."

"వాడే ఒప్పుకున్నడు గద."

"వాడు పెట్టలే. నేను పెట్టిన."

"ఏమంటున్నరు సేటు?"

"నేనే. స్పీడ్ బ్రేకర్ తాకి ఒక ప్యాడు ఊడిపోయింది. పూణె నుంచి కొత్తది వచ్చేటందుకు టైం పడుతదన్నరు. కారఖానాల పాత పికర్ కనిపిచ్చింది. పొద్దుమాపు నాడె దెబ్బలు తినే వస్తువు, కారు బరువు ఆపదా అనుకున్న. కత్తితోని నేనే చెక్కి ఇరికిచ్చిన. నూనె సంగతి మతికి రాలే. సాయిలు దగ్గరికి టైరు మార్పియ్య పోయిననాడు చెప్పుడు గూడ మర్చిన."

"కారు పడ్డంక గుర్తొచ్చిందా?"

"వచ్చింది. ఆయనను రిక్షాల ఎక్కిస్తున్నప్పుడే వచ్చింది."

"వచ్చినంక గూడ చౌక్ల అట్లెందుకన్నరు? అంతమంది ముందట?"

"భయమైంది. సిగ్గయింది. ఒక్కసారి నోరు జారినంక మళ్ల వాపస్ తీసుకునుడు రాలే. నిద్ర పడ్తలేదు బాలమణీ. ఇయ్యాల దీన్ని పీకి పారేస్తే అయిపోతదనుకున్న. నా కారు కిందికే దొంగ లెక్క దూరిన. ఏమన్న అను. తిట్టు."

"ఆయన రెండు వేళ్లు పోయినయ్ సేటు. మల్లేశం మా గోడ పక్కన కూసొని ఏడ్చి ఏడ్చి పోయెటోడు. మీరు దినాం వానితోనే మాగాలు రిపేర్ చేపిచ్చుకున్నరు."

"అవును. నాకు తెల్వదు అంటే గూడ తప్పే. పా, ఇప్పుడే వస్త నీతోని. ఈ తునక పీకి సాయిలు చేతుల పెడ్త. మల్లేశం ముందటనే చెప్త. చౌక్ల గూడ చెప్త."

"ఆగుండ్రి."

"ఆపకు. చెప్పనీ. చెప్తే నాకింత…"

"మీకింత నిమ్మలమైతది. మాకు? తమ్ముడు నిజం చెప్తే తలుపేసిండు, అబద్ధం చెప్తే తలుపు తీసిండు. ఇప్పుడు మీరొచ్చి నేనే పెట్టిన అంటే ఆయన ఏమైతడు? ఏ తప్పు లేని తమ్మున్ని వాకిట్ల నిలబెట్టి ఏడిపిచ్చిన అని కుమిలిపోతడు. వేళ్లు పోతే ఓర్చుకున్నడు. ఇది ఓర్చుకోడు."

"మరి చౌక్ల? జాకీ సాయిలు కరెక్ట్‌గనే పెట్టిండు, నా కారు ప్యాడే ఖరాబుండె అని చెప్తనే."

"అది చెప్పుండ్రి. పోయి అదే నోటితోని, అదే చాయ్ దుకాణం కాడ చెప్పుండ్రి. మా షట్టర్ లేవాలె. ఎవరు పెట్టిండ్రో మాత్రం చెప్పకుండ్రి."

"మల్లేశం నా తప్పు మోసుకుంట నా ముందటనే తిరుగుతుంటే, నేను దీన్ని కడుపుల పెట్టుకొని ఎట్ల బతకాలె బాలమణీ?"

"ఇన్ని దినాలు ఎవ్వరు అడగకుంటనే దాచిపెట్టుకున్నరు గద సేటు. ఇప్పుడు నేను అడుగుతున్న. దాచిపెట్టుకోండ్రి."