కానగమాను బాయి కాడ ఆగే బండ్లు

కానగమాను బాయి తెలుసు గదా మీకు. ఊరికి ఎగువన, తార్రోడ్డు ఎడమకు తిరిగే మలుపులో గట్టు కూలిపోయి ఉంటాదే, అదే. గొర్లోళ్లు గూడా మిట్టమధ్యానం ఆ చెట్టు నీడకు పోరు. ఎందుకు పోరో చెప్తా, కూర్చోండి. ఆ ఫోన్లు పక్కన పెట్టండి, నేను రెండోసారి చెప్పేటోన్ని గాదు.

మన బస్టాండు కాడ బండ్లు బాగుచేసే దస్తగిరి ఉండాడే, ఆయప్ప చేతిలో పనుంది, కాదనను. అయితే ఒక గుణముండాది. చేసిన పని ఏందో ఎవురికీ చెప్పడు. చెప్తే రేపు వాళ్లే చేసుకుంటారు, ఇంక నా అంగడికి ఎవురొస్తారు అంటాడు. వాళ్ల నాయన గూడా అంతే, సగం పని కడుపులోనే పెట్టుకొని పోయినాడు.

సరే, ఒక శుక్రవారం పొద్దున సుధీంద్ర అని బళ్లారి ఆయన వచ్చినాడు. దూరాలు తిరిగే పెద్ద బండి, ఎనక రెండు పక్కలా పెట్టెలు, శ్రీశైలం చూసుకొని ఇంటికి పోతాండాడంట. బండి న్యూట్రల్లో బాగానే ఆడతాది, గేరేస్తే చాలు టక్కున ఆగిపోతాది. దస్తగిరి పెట్రోలు చూసినాడు, ప్లగ్గు చూసినాడు, క్లచ్చు వైరు చూసినాడు, అన్నీ బాగుండాయి, ఆఖరికి కిందికి వంగితే సైడు స్టాండు కాడ చిన్న స్విచ్చి కనపడింది. స్టాండు ఎత్తడం మర్చిపోయి గేరేస్తే ఇంజన్ను ఆపేదానికి పెట్టినారు దాన్ని. అందులోకి బురద పోయి, స్టాండు ఎత్తినా దించినట్టే అనుకుంటాంది బండి. కొత్త స్విచ్చి కర్నూలు నుంచి రావాల, రేపైతాది. మరి దస్తగిరి ఏం చేసినాడు? రెండు వైర్లు కోసి ముడేసినాడు. ఇంక బండి ఆగలేదు.

ఏం చేసినావన్నా, అని ఆయన అడిగినాడు గూడా. బండి నడుస్తాందా లేదా, అది చూసుకోప్పా అన్నాడు దస్తగిరి. ఇప్పట్నుంచి స్టాండు నువ్వే చూసుకోవాల అని ఒక్క మాట చెప్పింటే ఏం పోయేది? చెప్పలేదు.

సుధీంద్ర మధ్యానానికి కానగమాను నీడలో బండి నిలిపి, పొట్లం విప్పుకొని అన్నం తిని, మళ్లీ ఎక్కినాడు. స్టాండు ఎత్తలేదు. ఎప్పుడు మర్చిపోయినా బండే ఆగి గుర్తు చేసేది, ఆ పొద్దు చేయలేదు. మలుపులో ఎడమకు వాలంగానే స్టాండు రోడ్డుకు పట్టుకొని, బండి తిరగకుండా సీదా బాయిలోకి పోయింది. మనిషి దక్కలేదు.

బండిని క్రేనుతో లాగేటప్పుడు దస్తగిరి జనంలోనే ఉండాడు. స్టాండు కిందికే ఉండాదని చూసింది ఆయప్ప ఒక్కడే. సుధీంద్ర పెండ్లాం వచ్చి, మా ఆయన స్పీడుగా పోయే మనిషి గాదన్నా, ఏమైంటాది, అని అందర్నీ అడిగింది, దస్తగిరినీ అడిగింది. నాకేం తెలుసమ్మా అన్నాడు. ఆ మాట అన్నప్పట్నుంచి ఆయప్పకు అన్నం సయించలేదు.

ఆ తరవాత ఆ మలుపులో బండ్లు ఆగేది మొదలైంది. గేరేస్తే ఆగుతాది, తోసుకుంటా మలుపు దాటిస్తే మళ్లీ ఆడతాది. అన్నీ దస్తగిరి అంగడికే వచ్చినాయి. విప్పి చూస్తే ఒక్కదాంట్లోనూ లోపం లేదు, అయితే ప్రతి బండిలోనూ అంతకుముందు ఎప్పుడో ఇట్లే తాను ముడేసిన వైర్లుండాయి.

ఇంక ఉండబట్టలేక ఒక శుక్రవారం మధ్యానం తన బండి మీదే పోయినాడు. దానికీ అదే ముడి. చెట్టు కింద నిలిపి, బాయిలోకి తొంగి చూసి, ఏమీ లేదులే అని మళ్లీ ఎక్కి గేరేసినాడు. ఆగింది. ప్లగ్గు తుడిచి ఇంకోసారి చూసినాడు, ఆగింది. మూడోసారి ఆగినప్పుడు బాయిలోంచి ఒక గొంతు, కోపంగా గాదు, అంగడిలో అడిగినట్టే అడిగింది. ఏం చేసినావన్నా, అని. దస్తగిరి కిందికి చూసుకుంటే తన స్టాండు దించే ఉండాది.

గట్టు మీద కూలబడి, వైర్లు కోసినా స్వామీ, నీకు చెప్పలేదు, నీ పెండ్లానికి గూడా చెప్పలేదు, అని ఏడ్చినాడు. ఆ పొద్దే బళ్లారి పోయి ఆయమ్మకు చెప్పినాడు. ఆయమ్మ తిట్టలేదంట, తలుపేసుకుందంట. వచ్చి, తాను ముడేసిన బండ్లన్నీ వెతికి వెతికి స్విచ్చిలు పెట్టినాడు.

ఇప్పుడు మన బండ్లు ఆడ ఆగవు. దస్తగిరిది మాత్రం ఆగుతాది. కొత్త స్విచ్చి, వైర్లు సక్కగుండాయి, అయినా ఆగుతాది. దిగి, బాయిలోకి వంగి అంతా మొదట్నుంచి ఇంకోసారి చెప్తాడు, అప్పుడు కదులుతాది.

కాబట్టి ఆ పక్కకు పోవద్దండి. పోక తప్పదంటే స్టాండు చూసుకొని ఎక్కండి. అయినా బండి ఆగిందంటే ప్లగ్గులు విప్పుకుంటా కూర్చోవద్దు, ఎవురి కాడ ఏం దాచినారో గుర్తు చేసుకోండి. లేయండి, పోయి అన్నాలు తినండి.