మూత వేయనివ్వని చేయి

“దుఃఖం బుద్ధినే మింగేస్తే, ఆ దుఃఖాన్ని అదుపు చేసేదెవరని నాలుగు వందల ఏళ్ల క్రితం ఒక ఐరోపా రాకుమారి ఓ తత్వవేత్తకు ఉత్తరం రాసింది. ఆయన ఏం చెప్పాడు?”

నిడదవోలు చర్చిలో చెల్లెలి శవపేటిక అంచు పట్టుకుని, రిటైరైన ఫిలాసఫీ లెక్చరరు తన పాత విద్యార్థి అయిన పాస్టరును అడిగింది.

“మంచి విషయాలే తలుచుకోమన్నాడండి. పరీక్షలో అదే రాస్తే మీరు సున్నా వేశారు.”

“అది జవాబు కాదు గనక.”

“మేడం, మూత వేయాలండి. సమాధి దగ్గర అందరూ ఎదురుచూస్తున్నారు.”

“వేయాలని నాకూ తెలుసు. చేతికి మూడుసార్లు చెప్పాను.”

“మీ చేయి నేను తీయనా అండి?”

“నువ్వు ముట్టుకుంటే అరుస్తాను. అదీ నాకు తెలుసు.”

పాస్టరు బైబిలు మూసి, మూత పట్టుకున్నవాళ్లను ఆగమని సైగ చేశాడు. బుద్ధే యజమాని అని నమ్మే పాఠకులారా, మీరొచ్చి ఆ వేళ్లు విడదీయండి.